సాస్తి బొగ్గు ఊరు దాటుతుంది, మరి సాస్తి పిల్లలో?

మన సంఘాల్లో ఈ పదిహేనేళ్ళలో ఒక కొత్త రకం సాక్ష్యం స్థిరపడిపోయింది. దాన్ని వీసా సాక్ష్యం అనొచ్చు. ఫలానా సహోదరుడి కుమార్తె ఒక సెమిస్టర్ చదవడానికి జర్మనీ వెళ్తోంది, ఫలానా అక్క కొడుకు ఎక్స్ఛేంజ్ స్టూడెంటుగా అమెరికా వెళ్తున్నాడు, దేవుడు ద్వారం తెరిచాడు, అందరూ చప్పట్లు కొట్టండి. కాపరి గారు దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం తీస్తారు. పరదేశంలో కూడా తనను తాను అపవిత్రపరచుకోని యౌవనస్థుడి గురించి ప్రసంగిస్తారు. తర్వాత ప్రార్థన, ఆ తర్వాత బిర్యానీ. చిలుకూరు బాలాజీని వీసాల దేవుడని చాటుగా నవ్వుకునే మనం, మన దేవుణ్ణి కూడా తీసుకెళ్ళి అదే కౌంటర్లో కూర్చోబెట్టాం.

నా మనవి ఒక్కటే. ఆ అధ్యాయాన్ని మొదటి నుంచి చదవండి. బబులోను రాజు ఎలాంటి పిల్లల్ని ఏరమన్నాడు? రాజవంశంలో, ముఖ్యుల ఇళ్ళలో పుట్టినవాళ్ళని. ఏ లోపమూ లేని అందగాళ్ళని. అప్పటికే చదువూ తెలివీ అబ్బినవాళ్ళని. వాళ్ళకు మూడేళ్ళపాటు కల్దీయుల భాష, విద్య, రాజు బల్లమీది భోజనం. అది చెర కదా, చదువెలా అవుతుంది అని మీరు అడగొచ్చు. నిజమే, చెరే. కానీ ఎంపిక షరతులు మాత్రం ఇవాళ్టి మన షరతుల్లాగే ఉన్నాయి. పుట్టిన ఇల్లు ముందు, తెలివి తర్వాత. అదే కాలపు కథ రెండవ రాజులు 24వ అధ్యాయంలోనూ ఉంది. యెరూషలేము నుంచి అధిపతుల్నీ శూరుల్నీ పనివాళ్ళనీ పట్టుకుపోయాక దేశంలో ఎవరు మిగిలారు? అతి బీదలు మాత్రమే మిగిలారని అక్కడ రాసి ఉంది. వీసా కూడికల్లో దానియేలు పేరు వందసార్లు వింటాం. ఈ మిగిలినవాళ్ళ ప్రస్తావన ఒక్కసారి కూడా రాదు.

ఈ వ్యాసం ఆ మిగిలినవాళ్ళ గురించి. వాళ్ళు ఉండే ఊళ్ళు చాలా ఉన్నాయి. ఒక ఊరి పేరు చెప్పి మాట్లాడతాను: సాస్తి.

సాస్తి మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా, రాజురా తాలూకాలో ఉంది. వార్ధా నదికి ఒక ఒడ్డున బల్లార్పూర్, మరో ఒడ్డున సాస్తి. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కంపెనీ ఓపెన్‌కాస్ట్ గనికి ఈ ఊరి పేరే పెట్టారు. ఇప్పుడు మహారాష్ట్ర అంటున్నాం గానీ, 1956 దాకా రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో ముందు నాందేడ్‌కు, 1959లో చాందా జిల్లాకు, అంటే ఇప్పటి చంద్రపూర్‌కు పోయింది. కాబట్టి అక్కడ తెలుగు నిన్నా మొన్నా దిగిన భాష కాదు. దానికి తోడు కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి బొగ్గుబాయి పనికీ పేపర్ మిల్లు పనికీ వెళ్ళి అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఈ బెల్టు నిండా ఉన్నాయి. (పక్కనే జివతి తాలూకాలో పద్నాలుగు ఊళ్ళ సంగతి ఇంకా విచిత్రం. వాటి కోసం రెండు రాష్ట్రాలూ పోట్లాడుకుంటాయి. అక్కడివాళ్ళ దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. రెండు ప్రభుత్వాలు ఉన్నా ఒక్క డిగ్రీ కాలేజీకి దిక్కులేని పల్లెలు ఎన్ని లేవు?)

సాస్తి బొగ్గు మాత్రం దర్జాగా ప్రయాణం చేస్తుంది. లారీ ఎక్కి, రైలు ఎక్కి కరెంటుగా మారి నగరాలకు పోతుంది. ఆ కరెంటుతో నడిచే ఏసీ గదుల్లో కూర్చుని మన నగర సంఘాల పిల్లలు విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తులు నింపుతారు. సాస్తికి మిగిలేవి బ్లాస్టింగ్ అదురు, దుమ్ము, ఊరి పక్కన గుట్టల్లా పెరిగే మట్టి కుప్పలు. చంద్రపూర్‌ను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే దేశంలోని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. వేసవిలో దేశంలోకెల్లా ఎక్కువ ఎండ నమోదైన ఊరి పేరు అడిగితే తరచుగా వినిపించేది చంద్రపూరే.

ఇక్కడ డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయిని ఊహించుకోండి. నాన్న గనిలో కాంట్రాక్టు మీద డంపర్ నడుపుతాడు. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ, బజార్లో హిందీ, కాలేజీలో సగం ఇంగ్లీషు. ఆదివారం తెలుగు పాటల పుస్తకం. నాలుగు భాషల మధ్య అవలీలగా తిరిగే ఇలాంటి అమ్మాయి ఏ విశ్వవిద్యాలయపు ఎక్స్ఛేంజ్ ఆఫీసుకైనా ముచ్చటైన అభ్యర్థి కావాలి. కొత్త చోట ఎలా బతకాలో ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆమె ఇంటివాళ్ళు తరం క్రితమే ఒక రాష్ట్రం దాటి వచ్చారు. అయినా ఆ సెమిస్టర్ ఆమె దాకా రాదు. ఎందుకు రాదో చెప్తాను. ఆమెకు ప్రతిభ లేకపోవడం వల్ల కాదు.

ఎక్స్ఛేంజ్ అంటే పూర్తి డిగ్రీకి విదేశం పోవడం కాదు. మన విశ్వవిద్యాలయంలోనే ఫీజు కడుతూ, దానితో ఒప్పందం ఉన్న అక్కడి విశ్వవిద్యాలయంలో నాలుగైదు నెలలు చదివి, ఆ క్రెడిట్లను తెచ్చి ఇక్కడి డిగ్రీలో కలుపుకోవడం. అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. వినడానికి పేదవాళ్ళ కోసమే కనిపెట్టినట్టు ఉంటుంది. యూరప్‌లో ఎరాస్మస్ పథకం 1987లో మొదలైంది. 2014 తర్వాత అది ఎరాస్మస్ ప్లస్‌గా మారి మన దేశపు విద్యార్థులకు కూడా నెలనెలా ఖర్చులకు డబ్బిచ్చి తీసుకెళ్ళే వీలు పెట్టింది. ఇంతవరకూ బాగానే ఉంది.

చిక్కంతా ఆ ఒప్పందం అనే మాటలో ఉంది. ఎక్స్ఛేంజ్ సీటు విద్యార్థికి రాదు, సంస్థకు వస్తుంది. మీ సంస్థకు విదేశీ సంస్థతో ఒప్పందం ఉంటేనే మీకు సీటు. ఐఐటీకి ఉంటుంది. ఏడాదికి లక్షలు తీసుకునే ప్రైవేటు విశ్వవిద్యాలయానికి ఉంటుంది, బ్రోషర్ మొదటి పేజీలోనే ఆ జెండాలన్నీ ఉంటాయి. రాజురాలోనో బల్లార్పూర్‌లోనో ఉన్న అనుబంధ కాలేజీకి ఎక్కడి నుంచి వస్తుంది? ఆ కాలేజీలు గడ్చిరోలిలోని గోండ్వానా విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. అది పుట్టిందే 2011లో. 2022లో యూజీసీ విదేశీ సంస్థలతో కలిసి చదువు నడిపేందుకు నిబంధనలు తెచ్చింది. వాటి కింద నేరుగా ఒప్పందం చేసుకోవాలంటే న్యాక్‌లో కనీసం 3.01 స్కోరు ఉండాలి, లేదా జాతీయ ర్యాంకుల్లో మొదటి వంద విశ్వవిద్యాలయాల్లో ఉండాలి, లేదా ప్రభుత్వం విశిష్ట సంస్థగా గుర్తించి ఉండాలి. ఉన్నవాడికి ఇంకా ఇవ్వబడును అనే మాటను మన యూజీసీ ఇంత అక్షరాలా పాటిస్తుందని అనుకోలేదు.

అంటే ఎక్స్ఛేంజ్ సీటు ఎవరికి దక్కాలో ఆ అమ్మాయి పన్నెండో తరగతి పాసైన రోజే తేలిపోయింది. కోచింగ్‌కు డబ్బున్నవాళ్ళు ఆ గేటు లోపలికి వెళ్ళారు. ఇంగ్లీషు పరీక్ష, ఇంటర్వ్యూ, ఉద్దేశ పత్రం అన్నీ లోపలివాళ్ళ మధ్య జరిగే పోటీలే. దానికి మనం ప్రతిభ అని పేరు పెట్టి, ఆదివారం దేవుని కృప అని సాక్ష్యం చెప్పుకుంటున్నాం.

సీటు ఉందనే అనుకుందాం. డబ్బో? జర్మనీ వీసాకు మన విద్యార్థి నెలకు 992 యూరోల చొప్పున బ్యాంకులో చూపాలి, స్కాలర్‌షిప్ ఉంటే తప్ప. ఆరు నెలలకు 5,952 యూరోలు, మన లెక్కలో ఆరు లక్షలకు అటూ ఇటూ. అమెరికాకు జె-1 వీసా అయితే వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ ఫీజు 220 డాలర్లు. ఇవి కాక విమానం, బీమా, ఇంగ్లీషు పరీక్ష, వీసా ఇంటర్వ్యూకు ముంబై ప్రయాణం. కాంట్రాక్టు డంపర్ డ్రైవరు ఇంట్లో ఆరు లక్షలు ఎప్పుడు కనబడతాయి? చెల్లెలి పెళ్ళికి అప్పు తెచ్చినప్పుడు.

మరి ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. ఈ విషయం మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే మన యువతకు ఇక్కడే అసలు సంగతి తెలియదు.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. మహారాష్ట్రలో రాజర్షి శాహూ మహారాజ్ పేరుతో విదేశీ స్కాలర్‌షిప్ ఉంది. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. మంచి పథకాలు, ఎందరో పోరాడితే వచ్చినవి. కానీ ఇవన్నీ పీజీకీ పీహెచ్‌డీకీ, పూర్తి కోర్సుకే. డిగ్రీ మధ్యలో ఒక్క సెమిస్టర్ వెళ్ళే పిల్లలకు వీటిలో చోటు లేదు. ప్రభుత్వం దృష్టిలో సెమిస్టర్ అనేది డబ్బున్నవాళ్ళ ముచ్చట. ఆ ముచ్చట తీరినవాళ్ళే తర్వాత పీజీ సీటుకు ముందు వరుసలో ఉంటారన్న సంగతి పథకాలు రాసేవాళ్ళకు తట్టలేదు.

ఇక మన అమ్మాయి కులం సంగతి. ఆమె తాత మాల గానీ మాదిగ గానీ అనుకోండి, మన సంఘాల్లో చాలామంది తాతలు వాళ్ళే. 1950 ఆగస్టు 10న వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవుల్నీ ముస్లింలనీ ఇప్పటికీ బయటే ఉంచారు. ఆ మత నిబంధన తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2022 అక్టోబరులో కేంద్రం ఇదే ప్రశ్న మీద కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేసింది. మన దేశంలో దళిత క్రైస్తవులకు హక్కులు రావు గానీ కమిషన్లు మాత్రం వస్తూనే ఉంటాయి.

దీని అర్థం సాస్తిలో ఎలా ఉంటుందో చూడండి. 1956 అక్టోబరు 14న నాగ్‌పూర్‌లో దీక్ష తీసుకున్న అంబేద్కర్, 16న చంద్రపూర్ వచ్చి అక్కడ వేలమందికి బౌద్ధ దీక్ష ఇచ్చారు. ఆ కుటుంబాల మనవళ్ళకు ఇవాళ శాహూ మహారాజ్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకునే అర్హత ఉంది. ఉండాలి కూడా, దాని మీద నాకు ఈర్ష్య లేదు. ఆ పక్క క్వార్టర్లో ఉండే మన అమ్మాయికి లేదు. ఇద్దరి తాతలూ ఒకే రకం వాడ నుంచి బయటపడ్డారు, ఇద్దరూ మనిషిగా బతకడానికే మతం మారారు. ఒకరిని రాజ్యం గుర్తుపట్టింది, ఇంకొకరిని గుర్తుపట్టనని మొహం తిప్పుకుంది.

సరే, సర్టిఫికెట్‌లో హిందువు అనే ఉంది అనుకుందాం, అలా ఉంచుకున్న కుటుంబాలు ఎన్ని లేవు, వాళ్ళను నిందించే హక్కు నాకు లేదు. అప్పుడు ఇంకో గేటు. మర్రి చంద్రశేఖరరావు అనే తెలుగు విద్యార్థి కేసు మీలో ఎంతమందికి తెలుసు? తెనాలిలో పుట్టాడు. ఆంధ్రలో షెడ్యూల్డ్ తెగకు చెందినవాడు. తండ్రి ఉద్యోగం వల్ల తొమ్మిదేళ్ళ వయసులో బొంబాయి వెళ్ళి అక్కడే చదివాడు. మెడిసిన్ సీటు అడిగితే, ఒక రాష్ట్రంలో ఉన్న హోదాను వలస వెళ్ళిన రాష్ట్రానికి వెంట తీసుకుపోవడానికి వీల్లేదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. గనికి వలసపోయిన ప్రతి తెలుగు కుటుంబానికీ ఆ తీర్పు తగులుతుంది. కేంద్ర పథకానికి పాత ఊరి సర్టిఫికెట్ చెల్లుతుంది, రాష్ట్ర పథకానికి చెల్లదు. పోనీ తెలంగాణను అడుగుదామంటే, స్థానికుడివి కాదు పో అంటుంది. పెన్‌గంగ దాటగానే నాన్న కూలి మారలేదు, ఊళ్ళో చూపు మారలేదు. మారింది కాగితం ఒక్కటే.

మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువు అప్పుల మీద వడ్డీ భరించే పఢో పరదేశ్ అనే కేంద్ర పథకం ఉండేది, అందులో క్రైస్తవులు కూడా ఉండేవారు. 2022-23 నుంచి అదీ ఆగిపోయింది. అదే 2022లో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో ఒక వాక్యం కొత్తగా చేరింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, ఇక్కడి సమాజం మీద పరిశోధనకు డబ్బు ఇవ్వరట. అంటే దళితుడు విదేశం వెళ్ళొచ్చు గానీ కులం గురించి చదవకూడదు. అంబేద్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కులాల పుట్టుక మీద పత్రం చదివారు. ఇవాళ్టి నిబంధనల కింద ఆ కుర్రాడికి స్కాలర్‌షిప్ వచ్చేది కాదు.

అంబేద్కర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క సంగతి. 1913లో ఆయనకు బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళకు స్కాలర్‌షిప్ ఇచ్చింది. తిరిగొచ్చి సంస్థానంలో పని చేయాలన్నది షరతు. వచ్చి, 1917లో బరోడాలో ఉద్యోగంలో చేరారు. బస దొరకలేదు. పార్సీల సత్రంలో తలదాచుకుంటే అక్కడి నుంచీ వెళ్ళగొట్టారు. విదేశీ చదువు కులాన్ని కడిగేస్తుందని మన పెద్దలు నమ్ముతారు, అది నిజం కాదు. అక్కడి చదువు ఆయనకు ఇచ్చింది వేరే. తన వీధిలో జరిగేదాన్ని దూరం నుంచి చూసి పేరు పెట్టే శక్తి ఇచ్చింది. నాలుగు నెలల సెమిస్టర్ అయినా ఒక గని బిడ్డకు ఇవ్వగలిగింది అదే. అందుకే ఇది ముచ్చట కాదు, అవసరం అంటున్నాను.

ఉదాహరణకు ఆ అమ్మాయి ఒక సెమిస్టర్ వేల్స్‌లోని స్వాన్సీకి వెళ్ళిందనుకోండి. అక్కడి విశ్వవిద్యాలయంలో గని కార్మికుల గ్రంథాలయం ఉంది. కొంత దూరంలో అబర్‌ఫాన్ అనే ఊరుంది. 1966 అక్టోబరు 21 ఉదయం గుట్ట మీది గని మట్టి కుప్ప జారి ఊరి బడి మీద పడింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు చనిపోయారు. పిల్లల శవాలను ఉంచింది బెథానియా అనే చర్చిలో. ప్రపంచమంతా ఆ కుటుంబాల కోసం చందాలు పంపితే, మిగిలిన కుప్పలు తీయించడానికి ఆ చందాల నిధి నుంచే ప్రభుత్వం 1,50,000 పౌండ్లు తీసుకుంది. ఆ డబ్బు తిరిగి ఇచ్చింది 1997లో, ఊరివాళ్ళు ముప్పై ఏళ్ళు వెంటపడ్డాక. మట్టి కుప్ప నీడలో పెరిగిన సాస్తి పిల్ల ఈ కథ వింటే ఏం ప్రశ్నలు అడుగుతుందో ఆలోచించండి. గేటెడ్ కాలనీ నుంచి వెళ్ళిన పిల్లవాడు అదే సెమిస్టర్లో కార్డిఫ్ కోట ముందు సెల్ఫీ దిగి వస్తాడు. పాపం వాడి తప్పేం లేదు, వాడికి ఆ కుప్ప కనబడదు.

జర్మనీ రూర్ ప్రాంతానికి వెళ్ళినా అంతే. అక్కడ చివరి రాతిబొగ్గు గనిని 2018 డిసెంబరులో మూసేశారు. మూసేముందు కార్మికుల బతుకు గురించి ఏళ్ళ తరబడి బేరాలు జరిగాయి. ఇవాళ కాకపోతే ఇరవై ఏళ్ళకు సాస్తి గనీ మూతపడుతుంది. ఆ రోజు బేరం ఆడటానికి మన తరఫున ఎవరు కూర్చుంటారు?

వేల్స్ గురించే ఇంకో మాట, మన సంఘాలకు తగిలేది. అన్యూరిన్ బెవన్ ట్రెడీగర్ ఊళ్ళో గని కార్మికుడి కొడుకు, పదమూడేళ్ళకే బాయిలోకి దిగాడు. 1919లో అతన్ని లండన్‌లోని సెంట్రల్ లేబర్ కాలేజీకి రెండేళ్ళ చదువుకు పంపింది ఎవరు? దక్షిణ వేల్స్ గని కార్మికుల ఫెడరేషన్, కూలీల చందా డబ్బుతో. అతను ఆరోగ్య మంత్రి అయ్యి 1948లో బ్రిటన్ ప్రజలందరికీ ఉచిత వైద్యం తెచ్చాడు. పంపినవాళ్ళకు బాకీ ఉన్నానని మర్చిపోలేదు. మన దగ్గర ఎవరు పంపుతున్నారు? తండ్రి పంపుతున్నాడు, బ్యాంకు పంపుతోంది. సంఘం చప్పట్లు కొడుతోంది. అందుకే వెళ్ళినవాడు ఎవరికీ బాకీ లేడు.

ఇక మన సంఘాల సంగతి సూటిగా చెప్తాను, పెద్దలు కోపగించుకోవద్దు. మనకు విదేశీ సంబంధాలు లేకనా? ఏ ప్రైవేటు విశ్వవిద్యాలయానికీ లేనన్ని ఉన్నాయి. అమెరికా బాప్టిస్టులు, లూథరన్లు, మెథడిస్టులు, ఇంగ్లాండు, స్కాట్లాండు మిషన్లు నూటయాభై ఏళ్ళుగా మనతో ఉన్నాయి. నాగ్‌పూర్‌లో స్కాటిష్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ సువార్తతోపాటు ఆ ప్రాంతపు రాళ్ళనూ శిలాజాలనూ పరిశోధించి శాస్త్ర లోకంలో పేరు తెచ్చుకున్నాడు. 1883లో స్థాపించిన హిస్లాప్ కాలేజీ ఇవాళ్టికీ ఉంది. స్కాట్లాండు నుంచి వచ్చి మన రాళ్ళు చదివారు, చాలా సంతోషం. మన రాళ్ళ మధ్య పుట్టిన పిల్ల అక్కడికి వెళ్ళి ఒక సెమిస్టర్ చదవడానికి ఆ సంబంధం ఎన్నడైనా పనికొచ్చిందా?

ఇప్పుడు ఆ దేశాల సంఘాల నుంచి వేసవిలో యువత బృందాలు వస్తాయి. రెండు వారాలు. గోడకు రంగు వేస్తారు, పిల్లలతో ఆటలాడతారు, మనం దండలు వేసి కోడి కూర వండిపెడతాం. వాళ్ళు అనుభవం సంపాదించుకుని పోతారు. వాళ్ళ కాలేజీల్లో దానికి కొన్నిసార్లు క్రెడిట్లు కూడా ఇస్తారు. రాకపోకలు రెండు వైపులా ఉంటేనే మార్పిడి, ఒకవైపే ఉంటే సందర్శన. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో వి.ఎస్. అజర్యా నిలబడి విదేశీ మిషనరీల మొహం మీదే ఒక మాట అన్నారు. మీ త్యాగాలు, దానాలు చూశాం, మాకు కావలసింది స్నేహం అన్నది దాని సారం. రెండేళ్ళకు ఆయన దోర్నకల్ బిషప్ అయ్యారు. సింగరేణి బొగ్గు రైలు మలుపు తిరిగే జంక్షన్ అది. ఆ బొగ్గు గడ్డ మీద నుంచి వచ్చిన మాటను మనం ఎడిన్‌బరోకే వదిలేశాం.

మరుసటి బృందం వస్తామని ఉత్తరం రాసినప్పుడు మన పాస్టరేట్ కమిటీలు ఒక జవాబు రాయాలి. రండి, మా ఇళ్ళలోనే ఉండండి, రెండు వారాలు కాదు నాలుగు నెలలు ఉండండి, తెలుగు నేర్చుకోండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థులకు సెమిస్టర్ కార్యక్రమం 1998 నుంచే ఉంది, దారి కొత్తదేం కాదు. బదులుగా మీ ఊరి కాలేజీలో మా పిల్లకు ఒక సెమిస్టర్ సీటు, మీ ఇంట్లో ఒక గది. ఒప్పందం మా క్రైస్తవ కాలేజీ, మీ క్రైస్తవ కాలేజీ చేసుకోవాలి. అంత కష్టమేం కాదు. బ్రిటన్‌లో గుర్తింపు ఉన్న సంస్థలో ఆరు నెలల లోపు చదువుకు విద్యార్థి వీసా కూడా అక్కర్లేదు, విజిటర్ వీసా చాలు. చేయని కారణం ఒక్కటే. మనకు వాళ్ళ దగ్గర అడగాలంటే బిల్డింగ్ ఫండే గుర్తొస్తుంది.

ముందు డిగ్రీ పూర్తి చేయనీ, అన్నం దొరకనివాళ్ళకు సెమిస్టర్ ఏమిటి అనే పెద్దలు ఉన్నారు. మీ సొంత మనవడి విషయంలో ఈ మాట అనలేదు కదా అయ్యగారూ. ఇంగ్లీషు రాదు కదా అంటారు. నాలుగు భాషలు పట్టిన పిల్లకు ఐదోది ఆరు నెలల పని, నేర్పడానికి సంఘంలో రిటైరైన టీచర్లు లేరా? వెళ్తే తిరిగి రాదు అంటారు. ఎక్స్ఛేంజ్‌కు వెళ్ళిన విద్యార్థి డిగ్రీ ఇక్కడే తీసుకోవాలి, రాక తప్పదు. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు, వాళ్ళలో తిరిగి రానివాళ్ళ గురించి ఎవరూ సంఘంలో బెంగపడలేదు. గని పిల్ల దగ్గరికి వచ్చేసరికే మనకు దేశభక్తి ముంచుకొస్తుంది. ఆడపిల్లను ఒంటరిగా పంపుతామా అనే ప్రశ్న ఒక్కటి మాత్రం తల్లి అడిగితే నేను కొట్టిపారేయను. దానికి జవాబు, అక్కడ ఆమెను ఇంట్లో పెట్టుకునే విశ్వాసుల కుటుంబాన్ని చూపడం. అది విశ్వవిద్యాలయం చేయలేదు, సంఘం చేయగలదు.

యువతకు ఒక హెచ్చరిక కూడా. 2025 మే నెలాఖరులో అమెరికా విద్యార్థి, ఎక్స్ఛేంజ్ వీసాల కొత్త ఇంటర్వ్యూలు ఆపేసింది. జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు సోషల్ మీడియా ఖాతాలన్నీ బయటికి కనిపించేలా పెట్టాలని షరతు పెట్టింది. కులం గురించో, పలస్తీనా గురించో, గని దుమ్ము గురించో రాసే పిల్లలు ఇప్పుడు రాసింది చెరిపేస్తున్నారు. చెరపకండి అని సలహా ఇవ్వడం నాకు తేలిక, ఖర్చు మీది. కానీ దేశాలు అమెరికా ఒక్కటే కాదని గుర్తుపెట్టుకోండి.

చివరిగా డబ్బు. కానుకల పెట్టెతో మాత్రమే ఇది కాదు, కాకూడదు కూడా, ఎందుకంటే సాస్తికి రావలసిన డబ్బు ఇప్పటికే ఉంది. 2015లో గనుల చట్టం సవరించి ప్రతి గని జిల్లాలో జిల్లా ఖనిజ ప్రతిష్ఠాన్ పెట్టారు. పాత లీజుల గనులు కట్టే రాయల్టీ మీద 30 శాతం అదనంగా ఈ నిధికి కట్టాలి. గని వల్ల నష్టపోయిన ప్రజల కోసమే అది ఖర్చు కావాలి. మొదటి ప్రాధాన్యం ఇవ్వవలసిన వాటిలో తాగునీరు, ఆరోగ్యంతోపాటు విద్య కూడా ఉంది. గని ప్రభావిత ఊళ్ళ డిగ్రీ విద్యార్థులకు విదేశీ సెమిస్టర్ స్కాలర్‌షిప్ అని అందులో ఒక పద్దు పెట్టమని అడగడానికి కులం సర్టిఫికెట్ అక్కర్లేదు, మతం చెప్పనక్కర్లేదు. ఏ రాష్ట్రం నుంచి వచ్చావని అడిగే పని కూడా లేదు. ఊరు గని పక్కన ఉంటే చాలు. ఆ దుమ్ము పీల్చే గోండు పిల్లలకూ, బౌద్ధ పిల్లలకూ, ముస్లిం పిల్లలకూ, మన పిల్లలకూ కలిపి అడగాలి, మన ఒక్కరికే అడిగితే సిగ్గుచేటు.

ఆ అర్జీ కలెక్టర్ పేర రాయాలి. తెలుగు, మరాఠీ రెండు భాషల్లో రాసి, సాస్తి, ధోప్‌తాళా, గౌరీ, పౌనీ ఊళ్ళలో సంతకాలు తీసుకోవాలి. సంతకాలకు తిరిగే పని యూత్ ఫెలోషిప్‌ది. మొదటి సంతకం కాపరి గారు పెట్టాలి.